మెటాలికా ఆల్బంలు: అభిమానుల వాదోపవాదాలు, ఎదురుచూపులు

మెటాలికా అమెరికాకు చెందిన హెవీ మెటల్ బృందం. 1981లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టి, 1983 ఆరంభంలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మకాం మార్చింది. 1983 నుంచి 2023 దాకా 11 స్టూడియో ఆల్బంలు వెలువరించింది. గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్ మొదటి నుంచీ ఉన్నవాళ్ళు. లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ 1983లో, బాస్ గిటారిస్టు రాబర్ట్ ట్రుహియో 2003లో చేరారు.

అమ్మకాల్లో ఈ బృందానికి సాటి వచ్చేవి ఇంకా ఉన్నాయి గానీ, సొంత అభిమానులతోనే ఇన్నిసార్లు పేచీ పెట్టుకున్న బృందాలు తక్కువ. ఏ ఆల్బం గొప్పది, ఏది తప్పటడుగు, ఎక్కడ దారి తప్పారు అన్న వాదన నాలుగు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. తెలుగునాట పాటలు ఎక్కువగా సినిమా వెంటే వస్తాయి. రాక్ బృందానికి ఆల్బమే సినిమా. పాటల వరుస, అట్టమీది బొమ్మ, మోత తీరు, నిడివి అన్నీ కలిపి ఒకే రచనగా వింటారు, ఒకే రచనగా తీర్పు చెబుతారు. ఈ వ్యాసం ఆ తీర్పులను, వాటి వెనకున్న కారణాలను, ఆల్బంకూ ఆల్బంకూ మధ్య పెరుగుతూ వచ్చిన నిరీక్షణను పరిచయం చేస్తుంది.

ఆల్బంల క్రమం

కిల్ ఎమ్ ఆల్ (1983 జులై)
రైడ్ ద లైట్నింగ్ (1984 జులై)
మాస్టర్ ఆఫ్ పపెట్స్ (1986 మార్చి)
అండ్ జస్టిస్ ఫర్ ఆల్ (1988 ఆగస్టు)
మెటాలికా, వాడుకలో బ్లాక్ ఆల్బం (1991 ఆగస్టు)
లోడ్ (1996 జూన్)
రీలోడ్ (1997 నవంబర్)
సెయింట్ యాంగర్ (2003 జూన్)
డెత్ మాగ్నెటిక్ (2008 సెప్టెంబర్)
హార్డ్‌వైర్డ్ టు సెల్ఫ్ డిస్ట్రక్ట్ (2016 నవంబర్)
72 సీజన్స్ (2023 ఏప్రిల్)

ఇతరుల పాటలు తిరిగి వాయించిన గరాజ్ ఇంక్ (1998), శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి చేసిన కచేరీ రికార్డు ఎస్ అండ్ ఎమ్ (1999), లూ రీడ్‌తో కలిసి చేసిన లూలూ (2011) ఈ లెక్కలోకి రావు.

వాదాల మూలం

ఈ తగాదాలకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, మెటాలికా ఒక పద్ధతి కుదిరాక దాని మీదే కూర్చోలేదు. వేగం నుంచి నిర్మాణానికి, అక్కడి నుంచి క్లుప్తతకు, ఆ తర్వాత బ్లూస్ ఛాయలకు, మళ్ళీ వేగానికి మళ్ళింది. రెండోది, శ్రోత ఏ ఆల్బంతో ఈ బృందాన్ని కలుసుకున్నాడో అదే అతనికి కొలబద్ద అయి కూర్చుంటుంది. 1984లో టేపుల్లో విన్నవాడికి 1991 నాటి రికార్డు ద్రోహంలా తోచింది. 1991లో టీవీలో విన్నవాడికి అదే తలుపు తెరిచింది. ఇద్దరూ ఒకే బృందం గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది, నిజానికి చెరొక బృందం గురించి మాట్లాడుతుంటారు.

తొలి మూడు ఆల్బంలు, టేపుల తరం

మెటాలికా తొలి అభిమానులు రికార్డులు కొన్నవాళ్ళు కారు. 1982లో బృందం చేసిన నో లైఫ్ టిల్ లెదర్ అనే ఏడు పాటల నమూనా టేపు చేతులు మారుతూ, కాపీకి కాపీ తీస్తూ, పోస్టులో దేశాలు దాటింది. రేడియోలో వినబడని, పత్రికలు పెద్దగా పట్టించుకోని ఆ సంగీతం తమకే దొరికిందన్న భావం ఆ తరానికి బలంగా ఉండేది. తర్వాతి కాలంలో వినిపించిన ‘అమ్ముడుపోయారు’ అన్న నిందకు విత్తనం అక్కడే పడింది.

కిల్ ఎమ్ ఆల్ మెగాఫోర్స్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చింది. పంక్ దూకుడునూ బ్రిటిష్ హెవీ మెటల్ గిటార్ పనితనాన్నీ కలిపిన థ్రాష్ మెటల్ శైలికి ఇది పునాది రాళ్ళలో ఒకటి. మొదటి లీడ్ గిటారిస్టు డేవ్ మస్టేన్‌ను రికార్డింగ్‌కు ముందే తొలగించారు. అయినా ఈ ఆల్బంలో నాలుగు పాటలకు, తర్వాతి ఆల్బంలో రెండింటికి రచయితల్లో ఒకడిగా అతని పేరుంది. అతను మెగాడెత్ స్థాపించి, ఫోర్ హార్స్‌మెన్ పాటనే మరింత వేగంగా మెకానిక్స్ పేరుతో వాయించాడు. రెండింటిలో ఏది మేలన్నది ఈ అభిమానుల అతి పాత వివాదాల్లో ఒకటి.

రైడ్ ద లైట్నింగ్‌ను కోపెన్‌హేగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో ఫ్లెమింగ్ రాస్మూసెన్‌తో రికార్డు చేశారు. అందులో ఫేడ్ టు బ్లాక్ నెమ్మదిగా, మామూలు గిటార్ మీద మొదలవుతుంది. థ్రాష్ బృందం విషాదగీతం పాడటమేమిటని 1984లోనే కొందరు ముఖం తిప్పుకున్నారు. అంటే ‘మునుపటి మెటాలికా కాదు’ అన్న ఫిర్యాదు రెండో ఆల్బంతోనే మొదలైందన్నమాట. ఇవాళ అదే పాట కచేరీల్లో అందరూ గొంతు కలిపే వాటిలో ఒకటి.

మాస్టర్ ఆఫ్ పపెట్స్ దగ్గర మాత్రం తగువు సద్దుమణుగుతుంది. అత్యుత్తమం ఏదని అడిగితే ఎక్కువమంది దీన్నే చెబుతారు. ఎనిమిదిన్నర నిమిషాల టైటిల్ పాటలో హెట్‌ఫీల్డ్ రిథమ్‌ను దాదాపు మొత్తం పై నుంచి కిందికి కొట్టే మీటుతోనే వాయిస్తాడు. పైకీ కిందికీ మీటితే శ్రమ సగమవుతుంది, కానీ ఆ బిగువు రాదు. గిటార్ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ దీన్ని మణికట్టుకు పరీక్షగా పెట్టుకుంటారు. 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగుల పట్టికలో దీన్ని చేర్చింది. ఆ గౌరవం దక్కిన తొలి మెటల్ ఆల్బం ఇదే.

క్లిఫ్ బర్టన్ ఉండి ఉంటే

1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తా పడి బాస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ మరణించాడు. వయసు 24. మెటాలికా శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి మారిందే అతని కోసం. మీరే ఇక్కడికి రండి, అప్పుడే చేరతానన్నది అతని షరతు. సంగీత శాస్త్రం చదువుకున్నవాడు, బాక్ అంటే ఇష్టపడేవాడు. ఫర్ హూమ్ ద బెల్ టోల్స్ మొదట్లో గిటార్‌లా వినిపించేది అతని బాసే. ఓరియన్ అనే వాద్య రచనలో అతని ముద్ర స్పష్టం.

అతను బతికి ఉంటే బృందం ఏ దారి పట్టేదన్నది తెగని చర్చ. బ్లాక్ ఆల్బం మలుపును పడనిచ్చేవాడు కాడని ఒక వర్గం గట్టిగా నమ్ముతుంది. అవతలి వర్గం అతని అభిరుచులనే సాక్ష్యానికి పిలుస్తుంది: మిస్‌ఫిట్స్, లినర్డ్ స్కినర్డ్, ఆర్.ఇ.ఎమ్. వంటి బృందాలను మెచ్చినవాడు లోడ్ నాటి ప్రయోగాలకు ఎందుకు అడ్డుపడతాడని అడుగుతుంది. తీర్పు చెప్పగలవాడు లేడు కాబట్టి ఈ వాదన అభిమానుల మధ్య ఎప్పటికీ పాతబడదు.

వినిపించని బాస్

బర్టన్ స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. అతను వాయించిన తొలి పూర్తి ఆల్బం అండ్ జస్టిస్ ఫర్ ఆల్. తొమ్మిది పాటలు, 65 నిమిషాలు, ఒక్కో పాటలో పొరలు పొరలుగా రిఫ్‌లు, అంటే పదేపదే తిరిగొచ్చే గిటార్ వరుసలు. పొడి పొడిగా, ఎండు కట్టెల్లా వినిపించే ధ్వని. అందులో బాస్ గిటార్ ఉందా లేదా అని చెవి పెట్టి వెతుక్కోవాలి.

ఎందుకిలా జరిగిందన్నది ఈ అభిమానుల లోకంలో ఒక పరిశోధనాంశం. కొత్తగా వచ్చినవాణ్ణి ఏడిపించడమే కారణమని కొందరంటారు. మిక్సింగ్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్, ఉల్రిచ్ చెప్పినందుకే బాస్ తగ్గించానని ఇంటర్వ్యూల్లో వెల్లడించాడు. సాంకేతిక కారణాలూ చెబుతారు. న్యూస్టెడ్ చాలాచోట్ల రిథమ్ గిటార్ రిఫ్‌నే తు.చ. తప్పకుండా వాయించాడు, హెట్‌ఫీల్డ్ గిటార్ స్వరంలో మధ్య స్థాయిలు తీసేసి మంద్రం పెంచారు, దాంతో బాస్ నిలబడాల్సిన చోటంతా గిటార్ ఆక్రమించింది. మిక్సింగ్ జరుగుతున్న కాలంలోనే బృందం అమెరికాలో భారీ కచేరీ యాత్రలో ఉంది. రాత్రిళ్ళు వేదిక మీద మోత భరించి, పగళ్ళు స్టూడియోకు వచ్చిన చెవులు అలసిపోయి ఉన్నాయని హెట్‌ఫీల్డ్ తర్వాత చెప్పుకొచ్చాడు.

వీడియో గేముల కోసం ఈ పాటల వాద్యాలు విడివిడి ట్రాకులుగా బయటికి వచ్చాక, అభిమానులు బాస్ పెంచి సొంత మిక్స్‌లు చేసుకున్నారు. 2018లో ఆల్బం పునర్ముద్రణ వస్తుందనగానే ఆశలు రేగాయి. బృందం పాత మిక్స్‌నే శుభ్రపరిచి ఇచ్చింది, బాస్ మాత్రం పెంచలేదు. ఆనాడు ఎలా చేశామో అదే చరిత్ర, దాన్ని దిద్దం అన్నది వాళ్ళ వైఖరి.

బ్లాక్ ఆల్బం అనే సరిహద్దు

జస్టిస్ యాత్రలో పది నిమిషాలకు దగ్గరైన పాటలు వాయిస్తుంటే జనంలో నీరసం కనిపించిందని హామెట్ గుర్తు చేసుకున్నాడు. నల్లటి అట్ట మీద నల్లటి అక్షరాలతో వచ్చిన తర్వాతి ఆల్బంలో పాటలు కురచయ్యాయి, లయ మందగించింది. మోట్లీ క్రూ బృందానికి డాక్టర్ ఫీల్‌గుడ్ చేసిన బాబ్ రాక్ నిర్మాతగా వచ్చాడు. ఆ రికార్డులోని డ్రమ్స్ నిండుదనం ఉల్రిచ్‌ను ఆకట్టుకుంది. మైకేల్ కేమెన్ వాద్యబృంద రచనతో నథింగ్ ఎల్స్ మ్యాటర్స్ ప్రేమగీతం వచ్చింది.

ఆల్బం అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నేరుగా మొదటి స్థానంలో దిగింది. అమెరికాలోనే కోటీ 60 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, దుకాణాల అమ్మకాలను కంప్యూటర్ లెక్కతో నమోదు చేయడం మొదలైన 1991 నుంచి ఆ దేశంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బంల వరుసలో ముందు నిలిచింది. అభిమానుల చరిత్రలో మాత్రం ఇది ఒక సరిహద్దు రాయి. మెటాలికాను ‘91కి ముందు’, ‘91కి తర్వాత’ అని విడగొట్టడం అప్పుడే మొదలైంది. పాత కాపులు తొలి నాలుగు ఆల్బంలనే లెక్కలోకి తీసుకుంటారు. ఇందులో బాస్ చక్కగా వినబడుతుందని మాత్రం వాళ్ళూ ఒప్పుకుంటారు.

లోడ్, రీలోడ్: జుట్టు మీద కూడా తగువే

1996లో లోడ్ వచ్చేసరికి సభ్యులు జుట్టు కత్తిరించుకున్నారు. ఆంటన్ కోర్బిన్ తీసిన ఫొటోల్లో సూట్లు, కంటికి కాటుక. అట్టమీద ఆండ్రెస్ సెరానో చిత్రం. సంగీతంలో బ్లూస్, దక్షిణాది రాక్, మామా సెడ్‌లో కంట్రీ బాణీ. సీడీ పట్టగలిగినంత, అంటే దాదాపు 79 నిమిషాలు నింపారు. మిగిలిన పాటలకు మెరుగులు దిద్ది మరుసటి ఏడాది రీలోడ్ తెచ్చారు.

అప్పటి కోపంలో సగం సంగీతం మీద, సగం వేషం మీద. ఆ వేషం తనకూ నచ్చలేదని హెట్‌ఫీల్డ్ తర్వాతి ఏళ్ళలో బహిరంగంగానే అన్నాడు. కాలం గడిచాక తీర్పు మెత్తబడింది. బ్లీడింగ్ మీ, ది ఔట్‌లా టార్న్ వంటి దీర్ఘ గీతాలను ఇప్పుడు చాలామంది బృందం ఉత్తమ రచనల్లో చేరుస్తారు. రెండు ఆల్బంల నుంచి ఏడెనిమిది పాటలు ఏరి ఒకే రికార్డు చేస్తే ఎవరూ నోరెత్తేవారు కాదన్నది తరచూ వినిపించే మాట. ఏ ఏడెనిమిది అన్న దగ్గర మళ్ళీ కొట్లాట మొదలవుతుంది. 2025 జూన్‌లో లోడ్ పునర్ముద్రణ రావడంతో ఈ చర్చకు మళ్ళీ ప్రాణం వచ్చింది.

నాప్‌స్టర్ వివాదం

ఆల్బంతో సంబంధం లేని ఒక తగాదా అన్నిటికన్నా లోతుగా గాయపరిచింది. మిషన్ ఇంపాసిబుల్ 2 చిత్రం కోసం చేసిన ఐ డిసప్పియర్ పాట విడుదలకు ముందే, ఇంటర్నెట్‌లో పాటల ఫైళ్ళు పంచుకునే నాప్‌స్టర్ ద్వారా బయటికి పొక్కింది. 2000 ఏప్రిల్‌లో బృందం దావా వేసింది. తమ పాటలు పంచుకుంటున్నారంటూ 3,35,435 మంది వాడుకరుల పేర్ల జాబితాను ఉల్రిచ్ స్వయంగా ఆ సంస్థ కార్యాలయంలో అప్పగించాడు. ఆ పేర్లు ఎవరివో కావు, ఎక్కువభాగం అభిమానులవే. టేపుల కాపీల మీద ఎదిగిన బృందం కాపీ చేసినవాళ్ళ మీదికి వెళ్ళడమేమిటన్నది వాళ్ళ ఆక్రోశం. రచన మీద అదుపు రచయితకే ఉండాలి, టేపు కాపీతో పోలిస్తే ఇది వేరే స్థాయి అన్నది ఉల్రిచ్ జవాబు. 2001లో రాజీ కుదిరింది. సంగీత వ్యాపారం తర్వాత పట్టిన దారి చూసి, అతను చెప్పిందాంట్లో నిజముందని వెనక్కి తగ్గినవాళ్ళూ ఉన్నారు.

సెయింట్ యాంగర్: ఒక డ్రమ్ కథ

2001 జనవరిలో న్యూస్టెడ్ తప్పుకున్నాడు. కొద్ది నెలలకే హెట్‌ఫీల్డ్ మద్యపాన చికిత్సకు వెళ్ళాడు. ఈ గందరగోళాన్నంతా సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్ (2004) డాక్యుమెంటరీ దాపరికం లేకుండా చూపింది. ఆ కాలంలో తయారైన సెయింట్ యాంగర్‌లో గిటార్ సోలోలు ఒక్కటీ లేవు. నిర్మాత బాబ్ రాకే బాస్ వాయించాడు.

జనం ఎక్కువగా మాట్లాడుకునేది మాత్రం స్నేర్ డ్రమ్ గురించి. ఈ డ్రమ్ కింది తోలుకు ఆనుకుని సన్నని లోహపు తీగలుంటాయి. దెబ్బ పడగానే అవి అదిరి ‘చర్ర్’ మనే పదును వస్తుంది. పక్కనున్న మీట వదిలితే తీగలు కిందికి జారి, ఖాళీ గిన్నె మోగినట్టు ఖంగుమంటుంది. ఉల్రిచ్ ఆ మీట వదిలేసి వాయించాడు, ఆ శబ్దం నచ్చి అలాగే ఉంచేశాడు. 75 నిమిషాలు అదే ఖంగు. చెత్తడబ్బా మీద కొట్టినట్టుందన్న ఎగతాళి ప్రపంచమంతా పాకింది. కొందరు ఔత్సాహికులు మామూలు డ్రమ్ ధ్వనితో మొత్తం ఆల్బంను తిరిగి వాయించి రికార్డు చేశారు. సమర్థించేవాళ్ళూ లేకపోలేదు: చీలిపోబోతున్న బృందం ఆక్రోశం నునుపుగా ఎలా ఉంటుందని వాళ్ళ ప్రశ్న. టైటిల్ పాట గ్రామీ గెలిచింది. ఉల్రిచ్ ఆ ధ్వనిని ఇప్పటికీ వెనకేసుకొస్తాడు.

బాబ్ రాక్‌ను ఇక పక్కన పెట్టాలని అభిమానులు ఇంటర్నెట్‌లో వినతిపత్రం నడిపారు. 2006లో బృందం రిక్ రూబిన్‌ను నిర్మాతగా ప్రకటించింది. కారణం ఆ వినతి అని చెప్పడానికి లేదు గానీ, రెండు పక్షాల ఆలోచనా ఒకే దిక్కుకు తిరిగింది.

డెత్ మాగ్నెటిక్: మోత ఎక్కువైన రికార్డు

అయిదేళ్ళ నిరీక్షణ తర్వాత వచ్చిన డెత్ మాగ్నెటిక్‌లో సోలోలు, పొడవాటి పాటలు, వాద్య రచన తిరిగొచ్చాయి. రెండో ఆల్బం నుంచి అయిదో ఆల్బం దాకా నాలుగో పాటగా నెమ్మదిగా మొదలయ్యే గీతం ఉండటం ఆనవాయితీ. ఫేడ్ టు బ్లాక్, శానిటేరియం, వన్, అన్‌ఫర్గివెన్ అలా వచ్చినవే. ఇక్కడ ద డే దట్ నెవర్ కమ్స్‌ను అదే స్థానంలో ఉంచారు. పాత అభిమానులు దాన్ని వెంటనే గుర్తుపట్టారు.

సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. రికార్డు మోత స్థాయిని అతిగా పెంచారు. పాటలో చిన్న శబ్దాలకూ పెద్ద శబ్దాలకూ మధ్య తేడా చెరిపేసి అన్నిటినీ పైకప్పుకు నొక్కితే, తరంగాల శిఖరాలు తెగిపోయి గరగర పుడుతుంది. అదే పాటలు గిటార్ హీరో వీడియో గేములోనూ విడుదలయ్యాయి. గేము కోసం ఇచ్చిన ట్రాకులకు ఆ నొక్కుడు లేదు. అభిమానులు రెండింటినీ పక్కపక్కన పెట్టి తరంగ చిత్రాలు పోల్చారు. గేములో ఉన్నంత స్పష్టత సీడీలో లేదని తేలింది. తన దగ్గరికి వచ్చేసరికే ధ్వని నలిగిపోయి ఉందని మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు ధ్వనికి చివరి మెరుగు, చేసిన టెడ్ జెన్సెన్ చెప్పుకోవాల్సి వచ్చింది. తిరిగి మిక్స్ చేయాలంటూ వేలమంది సంతకాలు చేశారు. బృందం వినలేదు. అయితే రికార్డుల మోత పోటీ గురించి సామాన్య శ్రోతకు తెలిసొచ్చింది ఈ వివాదంతోనే.

ఎదురుచూపు లెక్కలు

తొలి నాలుగు ఆల్బంలు అయిదేళ్ళలో వచ్చాయి. ఆ తర్వాతి ఏడింటికి 35 ఏళ్ళు దగ్గర పట్టింది. రీలోడ్ తర్వాత అయిదున్నరేళ్ళు, డెత్ మాగ్నెటిక్ తర్వాత ఎనిమిదేళ్ళు, హార్డ్‌వైర్డ్ తర్వాత ఆరేళ్ళ పైచిలుకు విరామం. కుటుంబాలు, ఆరోగ్యం, ఏళ్ళ తరబడి సాగే కచేరీ యాత్రలు కారణాలు. కచేరీల ఆదాయమే ప్రధానమైన కాలంలో త్వరపడాల్సిన అవసరమూ తగ్గింది. 2012లో సొంత సంస్థ బ్లాకెన్డ్ రికార్డింగ్స్ పెట్టుకున్నాక గడువు విధించే కంపెనీ కూడా లేదు.

ఈ ఖాళీల్లో అభిమానులకు దొరికేది తునకలే. 2006 జూన్‌లో బెర్లిన్ వేదిక మీద పేరు పెట్టని ఒక ‘కొత్త పాట’ వాయించారు, అదే ఆగస్టులో ఆసియా యాత్రలో మరొకటి. ప్రేక్షకులు తీసిన మసక రికార్డింగుల్లోంచి ప్రతి రిఫ్‌ను వెతికి పట్టుకున్నారు. రెండేళ్ళ తర్వాత వాటి ముక్కలు డెత్ మాగ్నెటిక్ పాటల్లో తేలినప్పుడు ఆ శ్రమ ఫలించింది. ఆ ఆల్బం విడుదలకు పది రోజుల ముందే ఫ్రాన్స్‌లో ఒక దుకాణం అమ్మకానికి పెట్టేసి, పాటలు ఇంటర్నెట్‌లోకి చేరాయి. నాప్‌స్టర్ మీద కోర్టుకెక్కిన ఉల్రిచ్ ఈసారి నవ్వి ఊరుకున్నాడు. 2014లో హామెట్ దాదాపు 250 రిఫ్ ఆలోచనలు దాచుకున్న ఫోన్ పోగొట్టుకున్నాడు, నకలు కూడా తీసి పెట్టలేదు. హార్డ్‌వైర్డ్ పాటల రచయితల్లో అతని పేరు ఎక్కడా లేకపోవడానికి దీన్ని ఒక కారణంగా చెబుతారు. ఆల్బం ఎందుకు ఆలస్యమైందన్న చర్చలోనూ ఆ ఫోన్ ప్రస్తావన తప్పదు.

అభిమానుల అభిరుచిని బృందమే నేరుగా అడిగిన సందర్భం 2014 నాటి ‘బై రిక్వెస్ట్’ యాత్ర. ఆయా నగరాల ప్రేక్షకులు ఓటు వేసి పాటల జాబితా తేల్చారు. దానికి తోడు లార్డ్స్ ఆఫ్ సమ్మర్ అనే కొత్త పాట. ఊరూరా గెలిచింది ఎక్కువగా 1991 దాకా వచ్చినవే, మాస్టర్ ఆఫ్ పపెట్స్ ముందు వరుసలో. అయితే ఈ ఓట్ల వల్ల ఒక అపురూపం జరిగింది. జస్టిస్ ఆల్బంలోని ద ఫ్రేడ్ ఎండ్స్ ఆఫ్ శానిటీ అప్పటిదాకా ఏ వేదిక మీదా పూర్తిగా వాయించలేదు. అభిమానులు పట్టుబట్టి ఓట్లు గుద్దడంతో 2014 మే 28న హెల్సింకిలో మొదటిసారి మొదటి నుంచి చివరిదాకా వాయించారు, రికార్డు వచ్చిన 26 ఏళ్ళకు.

భారతదేశంలో

1991లో ఉపగ్రహ టీవీతో ఎంటీవీ భారతీయ ఇళ్ళలోకి వచ్చింది. బ్లాక్ ఆల్బం వెలువడిందీ ఆ ఏడాదే. అందుకే ఇక్కడి శ్రోతల్లో ఎక్కువమందికి మెటాలికా పరిచయం ఆ పాటలతోనే. నథింగ్ ఎల్స్ మ్యాటర్స్ మొదటి వరుసలు ఎడమచేతి వేళ్ళు నొక్కకుండా, ఖాళీ తీగలు మీటుతూ వాయించవచ్చు. గిటార్ కొత్తగా పట్టిన కాలేజీ కుర్రాళ్ళకు అదే తొలి పాఠమైంది. అమెరికాలో పాత కాపులు ‘పతనం’ అన్నచోట ఇక్కడి తరం మొదలైంది.

బృందం భారత్‌కు వచ్చింది 2011 అక్టోబర్‌లో. 28న ఢిల్లీ పక్కన గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ, బారికేడ్ల భద్రత సమస్యతో ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన జనం ఆగ్రహంతో వేదికనూ పరికరాలనూ ధ్వంసం చేశారు. 30న బెంగళూరు ప్యాలెస్ మైదానంలో మాత్రం కచేరీ సజావుగా సాగింది. హైదరాబాద్‌కు రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న ఆ కచేరీయే తెలుగు మెటల్ అభిమానులకు ఈ బృందాన్ని దగ్గర్లో చూసే అవకాశం.

కొత్త తరం, 72 సీజన్స్

2022 జులైలో స్ట్రేంజర్ థింగ్స్ ధారావాహికలో ఒక పాత్ర మాస్టర్ ఆఫ్ పపెట్స్ వాయించే సన్నివేశం వచ్చింది. 36 ఏళ్ళ నాటి పాట తొలిసారి బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కింది. కొత్తగా వచ్చిన పిల్లలను ‘సీరియల్ అభిమానులు’ అని వెక్కిరించినవాళ్ళకు, మా కుటుంబంలోకి అందరికీ స్వాగతమే అని బృందమే బదులిచ్చింది.

అదే ఏడాది నవంబర్ 28న ముందస్తు హడావుడి లేకుండా లక్స్ ఎటెర్నా పాటతో పాటే 72 సీజన్స్ ప్రకటన వెలువడింది. మనిషి జీవితంలో తొలి 18 ఏళ్ళు, అంటే 72 రుతువులు, మిగతా బతుకును ఎలా మలుస్తాయన్నది ఇతివృత్తం. ఇనమొరాటా 11 నిమిషాలు దాటి, బృందం సొంత పాటల్లోకెల్లా పొడవైనదిగా నిలిచింది. బ్లాక్ ఆల్బం నుంచి హార్డ్‌వైర్డ్ దాకా వరుసగా ఆరు ఆల్బంలు బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో దిగగా, ఇది రెండో స్థానంలో దిగింది. చివరి రెండు ఆల్బంల మీద వినిపించే ప్రధాన ఫిర్యాదు నిడివి: ఒక్కొక్కటి 77 నిమిషాలు, కత్తెర పడి ఉంటే ఇంకా పదునుగా ఉండేవని. తొలి ఆల్బం అభిమానులు ‘మారిపోయారు’ అని కోప్పడగా, ఇప్పటివాళ్ళు ‘సర్దుకుపోయారు’ అని కోప్పడతారు.

పన్నెండో ఆల్బం మీద ఊహాగానాలు అప్పుడే మొదలయ్యాయి. నిర్మాతగా గ్రెగ్ ఫిడెల్‌మన్ కొనసాగాలా, 45 నిమిషాలకు కుదించాలా, హామెట్ రిఫ్‌లకు ఎంత చోటివ్వాలి అన్నవి ముఖ్యమైన ప్రశ్నలు. బాస్ వినిపించాలన్నది, మోత తగ్గాలన్నది ఇప్పుడు ఎవరూ ప్రత్యేకంగా అడగరు. ఆ రెండు పోరాటాలూ పాత ఆల్బంల మీద గెలవకపోయినా, తర్వాతి రికార్డులను ఎలా వినాలో ఈ శ్రోతలకు నేర్పాయి. మిక్స్, మాస్టరింగ్, స్నేర్ తీగల గురించి ఇంత తెలిసిన సాధారణ శ్రోతలు ఇంకే బృందానికీ సులువుగా దొరకరు.